ఆంటీ ముందుగదిలో గురువారాలు

ఆంటీ పోయారన్న ఫోన్ వచ్చేసరికి నేను వంటింట్లో ఐదు కప్పుల్లో టీ పోస్తున్నాను. గురువారం సాయంత్రం. ముందుగదిలో రిహార్సల్ నడుస్తోంది. ఆవిడ ఆఖరి రోజులు గడుపుతున్న హాస్పిస్ నుంచి వాళ్ళబ్బాయి మాట్లాడాడు. ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి ఆపేశాడు. తర్వాత తనకు వచ్చిన కొద్ది తెలుగులో, "అమ్మ లేదు," అన్నాడు.

నేను వెళ్ళి ముందుగది గుమ్మంలో నిలబడ్డాను. ఏదో సరిచూసుకోవడానికి వాళ్ళు ఆగినప్పుడు సంగతి చెప్పాను. వయొలిన్లు వాయించే ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. చెక్క ఫ్లూట్ వాయించే ఆయన కిటికీ వైపు తిరిగారు. ఆంటీ కుర్చీలో కూర్చున్న అమ్మాయి వాయించే విల్లు ఒళ్ళో పెట్టుకుని నేలచూపులు చూసింది. హార్ప్సికార్డ్ వాయించే పెద్దాయన, ఆ బృందానికి నాయకుడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మిగతాది ఆవిడ కోసం పూర్తి చేద్దాం. ఆవిడ కోరుకునేది అదే," అన్నారు.

పూర్తి చేశారు. వంటింట్లో ఐదు కప్పులూ చల్లారిపోయాయి.

ఆవిడ ఏం కోరుకున్నారో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. తన కుర్చీలో తను కూర్చుని, నలుగురి ముందు, ఒక్క నెమ్మది భాగం మరొక్కసారి వాయించాలని కోరుకున్నారు. అంతకు మించి ఏమీ అడగలేదు. అది ఎందుకు జరగలేదో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించి ఇది రాస్తున్నాను.

ఇంగ్లండులో ఈ బేసింగ్‌స్టోక్‌లో, చుట్టుపక్కలా ఉన్న తెలుగువాళ్ళైన మీలో చాలామందికి ఆంటీ డాక్టరుగానే తెలుసు. మీ పిల్లల చెవుల్లోకీ గొంతుల్లోకీ టార్చి వేసి చూసిన ఆవిడ. క్లినిక్‌లో రిసెప్షన్ వాళ్ళు అపాయింట్‌మెంట్ లేదంటే నేరుగా ఇంటికి ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడిన ఆవిడ. "ఏదో వయొలిన్ లాంటిది వాయిస్తారట" అని కూడా మీరు విని ఉంటారు. అది చెల్లో. వయొలిన్‌కి పెద్దక్క అనుకోండి, కూర్చుని వాయిస్తారు. ఆవిడ బృందం వాయించేది మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి యూరప్ సంగీతం, బరోక్ అంటారు. దాన్ని ఆ కాలపు తరహా వాయిద్యాల మీదే వాయించాలన్నది వాళ్ళ పట్టుదల. అందుకే ఉక్కు తీగలుండవు. శ్రుతి ఈనాటి పియానో కంటే కాస్త కిందికి ఉంటుంది. చెల్లోకి అడుగున నేలకు గుచ్చే ముల్లు కూడా ఉండదు. దాన్ని రెండు పిక్కల మధ్య ఇరికించి పట్టుకోవాలి.

"చీర కట్టుకుంటే పిక్కలకు పట్టు దొరకదు. చెల్లో నన్ను నమ్మదు," అనేవారు. గురువారం వస్తే సల్వార్ వేసుకునేవారు.

నేను ఆ ఇంట్లో అద్దెకు గది చూడడానికి వెళ్ళిన రోజు డైనింగ్ టేబుల్ మీద కాగితం పొట్లంలో పసుపచ్చటి సన్న దారం ఒకటి చుట్ట చుట్టి ఉంది. అప్పటిదాకా స్లౌ అనే ఊళ్ళో నలుగురు అమ్మాయిలతో ఒక ఫ్లాట్‌లో ఉండేదాన్ని. ఉద్యోగం ఇక్కడి ఇన్సూరెన్స్ ఆఫీసుకి మారింది.

"అదేంటో చెప్పు చూద్దాం," అన్నారు.

"నైలాన్ దారమా ఆంటీ?"

"గొర్రె పేగు. నా చెల్లో తీగ."

నా మొహం ఎలా మారుతుందా అని చూస్తున్నారని అర్థమైంది. దాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "బాగా కడిగినారు ఆంటీ. వాసనే లేదు," అన్నాను.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని నవ్వారు. "పేగులు కడగడం గురించి నీకెవరు చెప్పారే?"

స్లౌలో ఎవరైనా అడిగితే మా నాన్న వ్యాపారం చేస్తాడని చెప్పేదాన్ని. ఆ రోజు ఎందుకో నోటికి అబద్ధం రాలేదు. "మా నాయన గొర్లు కాస్తాడాంటీ, అనంతపురం పక్కన. మాకు పేగులంటే బోటీ కూరే. తీగలు చేస్తారని నాకు తెలీదు."

"అయితే మీ నాన్నగారి లాంటి వాళ్ళు లేకపోతే నా చెల్లో మూగదన్నమాట," అన్నారు.

మా నాన్నను 'గారు' అని ఒకరు అనగా వినడం నాకు అదే మొదలు. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే. మా అమ్మా నాన్నా ఇప్పటికీ వేలిముద్రే. ఇంజనీరింగ్ చదివి, విమానమెక్కి, ఇంగ్లీషు నేర్చుకుని ఇంత దూరం వచ్చాక కూడా నా వెనక ఉన్నది దాచుకోవలసిందే అనుకునేదాన్ని. ఆవిడ దాన్ని తీసి టేబుల్ మీద తీగ పక్కన పెట్టారు. అక్కడ అది బాగానే ఉంది.

ఆ తీగల మాట వల్లే ఒకసారి లండన్ అంచున స్టాన్‌మోర్‌లో మన పండగ కార్యక్రమంలో గొడవైంది. మీలో కొందరు అక్కడ ఉన్నారు. బృందం వాయించడానికి సిద్ధమవుతుంటే కమిటీ అంకుల్ ఒకరు వచ్చి, "డాక్టర్ గారూ, పేగులటగా. స్టేజి మీద దేవుడి పటం ఉంది, మీరు కాస్త కింద కూర్చుని వాయిస్తారా," అన్నారు. ఆంటీ పక్కనే ఉన్న మృదంగం వైపు చూపించి, "దీనికి బిగించింది అరిటాకా అండీ?" అన్నారు. అంకుల్ నవ్వేశారు. బృందాన్ని మాత్రం కిందే కూర్చోబెట్టారు. వాళ్ళు వాయిస్తున్నంతసేపూ వెనక పులిహోర వడ్డన జరిగింది.

తిరిగి వస్తూ కారులో హార్ప్సికార్డ్ పెద్దాయన, "లవ్లీ ఫుడ్," అన్నారు.

నాకు చెల్లో నేర్పుతానన్నప్పుడు భయపడ్డాను. సంగీతం తెలిసిన ఇంటి నుంచి రాలేదన్నాను. "అక్షరం తెలియని ఇంట్లోంచి వచ్చి కంప్యూటర్ భాషలు నేర్చుకున్నావు. ఐదు గీతల మీద చుక్కలు చదవలేవా?" అన్నారు. చదవగలిగాను. గొప్పగా వాయించలేను కానీ, ఏ చుక్క ఎక్కడ మోగుతుందో చెల్లో మెడ మీద చూపించగలను. ఒక భాగంలో ఎవరు ఎక్కడ మొదలవుతారో, ఎక్కడ ఆగుతారో చెప్పగలను.

వాళ్ళకు ముందు నిలబడి చేతులూపే కండక్టరు ఉండడు. అందరూ ఒకేసారి ఎలా మొదలుపెడతారని అడిగాను. "ఊపిరి చూడు," అన్నారు. మొదటి వయొలిన్ ఆవిడ తల కొంచెం ఎత్తి ఊపిరి పీలుస్తుంది. మిగతా నలుగురూ ఆ ఊపిరే పీలుస్తారు. వదిలేసరికి శబ్దం వస్తుంది. ఆ తర్వాత నేను రిహార్సల్‌లో వినడం కన్నా వాళ్ళ భుజాలు చూడటమే ఎక్కువ.

చెల్లో చేసే పని ఏమిటని ఒకసారి అడిగాను. పాటంతా వయొలిన్‌కీ ఫ్లూట్‌కీ ఉంటుంది, చెల్లోకి కింది స్వరాలే. "నాది వంటింటి గట్టు ఉద్యోగం," అన్నారు. "అందరూ దాని మీదే గిన్నెలు పెడతారు. ఎవరూ దాని వంక చూడరు."

ఆ బృందం ఆవిడ ఇంట్లోనే పుట్టింది. హార్ప్సికార్డ్ పియానోకి ముత్తాత లాంటిది, సన్నగా పొడుగ్గా ఉంటుంది. చలికీ వేడికీ తట్టుకోలేదు, మాటిమాటికీ కదిపితే శ్రుతి నిలవదు. బయటి కచేరీలకు వేరేది అద్దెకు తెచ్చుకునేవారు. పెద్దాయన ఫ్లాట్‌లో దానికి చోటు లేకపోతే ఆంటీ తన ముందుగదిలో సోఫాలు తీయించి చోటిచ్చారు. నేను వెళ్ళేనాటికే ఆ గదిలో ఎన్నో ఏళ్ళ గురువారాలు గడిచాయి. టీ, బిస్కెట్లు, ఎప్పుడైనా ఉప్మా. అందరూ వెళ్ళాక ఆవిడ హార్ప్సికార్డ్ మూత మీద మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిచి, లైటు ఆర్పేవారు.

కిందటేడాది జబ్బు వచ్చింది. జబ్బు పేరు చెబితే మీరంతా గొంతు తగ్గించి మాట్లాడతారు కాబట్టి చెప్పను. ఆ మందుకి జుట్టు పోతుందని ఆవిడకు తెలుసు, డాక్టరు కదా. చెవులు కూడా పోవచ్చని తెలుసు. ముందు సన్నటి శబ్దాలు పోయాయి. మైక్రోవేవ్ కూత, పక్షులు, ఫ్లూట్, వయొలిన్ పై తీగ. కింది స్వరాలు మిగిలాయి. తన చెల్లో తనకు పిక్కల్లోంచి తెలిసేది.

ఒక గురువారం ఏదో తప్పు దొర్లి మిగతావాళ్ళు ఆపేశారు. ఆవిడకు తెలియలేదు. కళ్ళు కాగితం మీద పెట్టుకుని ఒక్కరే కొంతదూరం వాయించుకుంటూ వెళ్ళిపోయారు. తలెత్తేసరికి అందరూ తననే చూస్తున్నారు. "బ్యూటిఫుల్," అన్నారొకరు. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాతి వారం పెద్దాయన నిమ్మకాయ కేకు పట్టుకుని ముందుగా వచ్చారు. ఆవిడకు విశ్రాంతి అవసరమన్నారు. లండన్‌లో చదువుకున్న ఒక అమ్మాయి కొన్నాళ్ళు సాయం చేస్తానందని చెప్పారు. ఆ అమ్మాయిని అప్పటికే అడిగేశారన్నమాట. ఆంటీ తలూపుతూ కూర్చున్నారు. "వసంతంలో చర్చి కచేరీ ఉంది కదా, అందులో ఆ నెమ్మది భాగం మాత్రం మీదే. అది మీరు తప్ప ఎవరూ వాయించడానికి వీల్లేదు," అన్నారాయన. లేచి కోటు వేసుకుంటూ, గుమ్మం దగ్గర, "హార్ప్సికార్డ్ కదపలేం కదా. మీకు ఇబ్బంది లేకపోతే గురువారాలు ఇక్కడే..." అన్నారు.

"ఇబ్బందేముంది, రండి," అన్నారు ఆంటీ.

ఆయన వెళ్ళాక నేను ఆగలేకపోయాను. "మిమ్మల్ని తీసేసి మీ ఇంట్లోనే వాయిస్తారంట. ఎందుకొప్పుకుంటిరి ఆంటీ? నాకు కడుపు మండుతాంది."

"కేకు కొయ్యి," అన్నారు. "బాగుంటే తిందాం. లేకపోతే పక్షులకేద్దాం."

బాగుంది. అదే ఇంకా కోపం తెప్పించింది.

అప్పటి నుంచి గురువారం వస్తే ఆవిడ టీ పెట్టి, కప్పులు అందించి, మేడ మీద తన పడకగదికి వెళ్ళిపోయేవారు. అది సరిగ్గా ముందుగది పైన. పాత ఇల్లు, చెక్క నేల. ఒకరోజు మందులివ్వడానికి వెళితే మేజోళ్ళు విప్పి, వట్టి పాదాలు నేలకు ఆనించి మంచం అంచున కూర్చుని ఉన్నారు. కళ్ళు మూసుకున్నారు.

"ఆ పిల్ల మంచిదే," అన్నారు నన్ను చూడకుండానే. "పాట మలుపు దగ్గర మాత్రం తొందరపడుతోంది. నేను అక్కడ ఆగేదాన్ని."

నేనూ చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాను. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి మడమల కింద సన్నగా, పిల్లి గుర్రు లాంటిది తెలిసింది. చెల్లో.

ఆ నెమ్మది భాగం కోసం ఆవిడ చలికాలమంతా సాధన చేశారు. వయొలిన్లు వినపడవు కాబట్టి వాటిని కళ్ళతో చూడాలి. ఇంట్లో వయొలిన్ వాయించేవాళ్ళు లేరు. నేనున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డింగ్ వింటూ, విల్లుకి బదులు అట్లకాడ పట్టుకుని ఆవిడకు ఎదురుగా నిలబడేదాన్ని. వయొలిన్ ఆవిడలా తల కొంచెం ఎత్తి ఊపిరి పీల్చేదాన్ని. అట్లకాడ కదిపేదాన్ని. ఆంటీ నా భుజం చూస్తూ వాయించేవారు.

"నువ్వు వయొలిన్ వాయిస్తున్నావా, దోసె తిరగేస్తున్నావా?"

"మీరే అట్ల దీర్ఘంగా లాగమన్నారు కదాంటీ."

"లాగమన్నాను. మాడబెట్టమనలేదు."

చివరికి కుదిరింది. ఇది నేను ప్రేమ కొద్దీ చెప్పడం లేదు. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా నా చెవుల్లోని వయొలిన్లకీ, ఎదురుగా ఆవిడ చెల్లోకీ వెంట్రుకవాసి తేడా లేకుండా వాయించారు, ఒకరోజు కాదు, వరసగా చాలా రోజులు. ఆవిడ ఆ భాగం వాయించగలరు. ఇది చదివే మీరైనా ఈ ఒక్క మాట నమ్మాలి.

కచేరీ కోసం మంగళగిరి చేనేత బట్ట తెప్పించి కొత్త సల్వార్ కుట్టించుకున్నారు. ముదురు ఆకుపచ్చ. మీలో చాలామందికి తనే ఫోన్ చేసి పిలిచారు. ఫోన్‌లో మీ మాటలు వినపడక పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, మీరేమన్నారో నాతో చెప్పించుకున్నారు. "ట్రై చేస్తామాంటీ," అన్నారు మీరు. ఆ రోజు ఎవరిదో పుట్టినరోజు పార్టీ ఉందని తర్వాత తెలిసింది. మన వైపు నుంచి నేనొక్కదాన్నే వెళ్ళాను.

చర్చిలో జనానికి చలేస్తుందని ఎవరో హీటర్లు గట్టిగా పెట్టారు. పేగు తీగలు వేడికి ఊరుకోవు. ఒక్కో భాగం అయ్యాక మళ్ళీ శ్రుతి చేసుకోవలసి వచ్చింది. ఆలస్యమైంది. ఆంటీ ముందు వరుసలో చెల్లో పెట్టె పక్కన కూర్చుని, ఒళ్ళో చేతులు రుద్దుకుంటూ వేళ్ళు వెచ్చగా ఉంచుకుంటున్నారు. ఇంటర్వెల్‌లో పెద్దాయన వచ్చి ఆవిడ ముందు మోకాళ్ళ మీద వంగారు. పెదవులు కనపడేలా నెమ్మదిగా మాట్లాడారు. ఆ మర్యాద ఆయనకుంది. టైము లేదన్నారు. ఆ నెమ్మది భాగం వదిలేయక తప్పదన్నారు. ఆవిడకు శ్రమ కూడా తప్పుతుందన్నారు.

"ఫర్వాలేదు," అన్నారు ఆంటీ. పెట్టె తెరిచి, బిగించి ఉంచిన విల్లు వెంట్రుకలను వదులు చేసి, మళ్ళీ మూసేశారు.

కచేరీ అయ్యాక చప్పట్లు ఆగలేదు. ఇంకొకటి వాయించారు. ఫ్లూట్‌ది, హుషారైనది. అది ఆ నెమ్మది భాగం కంటే పొడుగు.

ఇంటికి వస్తూ కారులో ఆవిడే అడిగారు. "చివర వాయించింది బాగుందా?"

"మీకు వినపడలేదా ఆంటీ?"

"ఫ్లూట్ కదమ్మా. చూశాను."

నేను రౌండబౌట్ దగ్గర తిరగాల్సిన దారి వదిలేసి చుట్టూ తిరిగాను. రెండోసారి తిరుగుతుంటే ఆవిడ, "పెట్రోలు నాది," అన్నారు.

ఆ గురువారం వాళ్ళను రానివ్వొద్దని బతిమాలాను. "వాయించకుండా మూత పెట్టేస్తే హార్ప్సికార్డ్ పాడవుతుంది," అన్నారు. ఆవిడకు కోపం రాలేదని మాత్రం అనుకోకండి. ఆ రోజు ఉప్మాలో పచ్చిమిరపకాయలు బాగా ఎక్కువ పడ్డాయి. ఆవిడ చెయ్యి ఎప్పుడూ తప్పదు. ఐదుగురూ ఎర్రబడ్డ మొహాలతో, ముక్కులు తుడుచుకుంటూ, "లవ్లీ, సో వార్మింగ్," అంటూ మొత్తం తిన్నారు. ఆంటీ నవ్వకుండా ఇంకా వడ్డించారు. మేడ మీదికి వచ్చాక మంచం మీద కూర్చుని, దిండు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత చాలాసేపు దిండు తీయలేదు.

మళ్ళీ చెల్లో పెట్టె తెరవలేదు. వేసవి రాకముందే హాస్పిస్‌కి వెళ్ళారు.

బృందం అంత్యక్రియల్లో వాయిస్తామంటే వాళ్ళబ్బాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అమ్మకి చాలా ఇష్టం ఉండేది," అన్నాడు నాతో. అతనికేమీ తెలియదు. దూరాన ఉంటాడు, చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. నేను చెప్పబోయి అతని మొహం చూసి ఊరుకున్నాను. శవపేటికలో ఆవిడకు పట్టుచీర కట్టారు. ఆకుపచ్చ సల్వార్ ఇంకా ఆవిడ గది తలుపు వెనక కొక్కేనికి ఉంది.

దహనం రోజు క్రెమటోరియంకి ఈసారి మీరందరూ వచ్చారు. కార్లు పెట్టడానికి చోటు లేదు. ఒకరి తర్వాత ఒకరు ఆవిడ గొప్ప డాక్టరని, గొప్ప మనిషని, కళలను పోషించారని చెప్పారు. పెద్దాయన లేచి, తమ బృందానికి ఆవిడే గుండెకాయ అన్నారు. ఆవిడకు ఎంతో ఇష్టమైన ఒక భాగం వాయిస్తామన్నారు.

ఆ నెమ్మది భాగమే.

మొదలవడానికి ముందు చెల్లో అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "ఇది ఆవిడ వాయించాల్సిందని ఇవాళ పొద్దున తెలిసింది. నాకెవరూ చెప్పలేదు," అంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. "మలుపు దగ్గర ఆగు," అని మాత్రం చెప్పాను.

మొదటి వయొలిన్ ఆవిడ తల కొంచెం ఎత్తి ఊపిరి పీల్చింది. వెనక వరుసలో నా ఊపిరి కూడా దాంతోపాటే లేచింది. కుడిచెయ్యి కూడా లేచింది. పక్కనున్న ఒకావిడ నన్ను వింతగా చూసింది. చెయ్యి ఒళ్ళోకి దించుకున్నాను.

టైముకేమీ లోటు రాలేదు. మొత్తం వాయించారు. ఆ పిల్ల మలుపు దగ్గర ఆగింది. హాలంతా ముక్కులు చీదుతున్న చప్పుడు.

నేను బూట్లు విప్పాను, మేజోళ్ళు విప్పాను. వట్టి పాదాలు నేలకు ఆనించి కళ్ళు మూసుకున్నాను. అక్కడ నేల మీద దట్టమైన కార్పెట్, దాని కింద కాంక్రీటు. చెల్లో మోగుతోందని చెవులు చెబుతున్నాయి. మడమలు ఇంకా గట్టిగా అదిమాను. కింద నుంచి ఏమీ రాలేదు.